ఆటల్లో తలకు దెబ్బ: మెదడును కాపాడే మందు ఉన్నదా?

మానవ శరీరంలో 107 మర్మస్థానాలు ఉన్నాయని సుశ్రుతాచార్యులు లెక్క చెప్పారు. వాటిలో 37 మర్మాలు మెడ, తల భాగాలలోనే ఉన్నాయి. కణతల వద్ద ఉండే రెండు శంఖ మర్మాలను ఆయన సద్యఃప్రాణహరాలన్నారు. అనగా దెబ్బ తగిలిన కొద్దికాలంలోనే ప్రాణం తీయగలిగినవి. కపాలపు ఎముకలు కలిసే చోట ఉండే అయిదు సీమంత మర్మాలను కాలాంతర ప్రాణహరాలన్నారు. వీటికి దెబ్బ తగిలితే ఉన్మాదం, భయం, చిత్తనాశం కలుగుతాయని వివరించారు. తలదెబ్బ ఫలితం ఒక్కొక్కప్పుడు వెంటనే, ఒక్కొక్కప్పుడు ఆలస్యంగా బయటపడుతుందని మన పూర్వులు గుర్తించారనడానికి ఈ విభజనే నిదర్శనం.

చరకాచార్యులు హృదయం, వస్తి, శిరస్సు అనే మూడింటిని మహామర్మాలుగా ఎంచి, వాటిని బయటి దెబ్బల నుండి ప్రత్యేకంగా కాపాడుకోవాలని హెచ్చరించారు. శిరస్సుకు అభిఘాతం కలిగితే మెడ బిగుసుకొనుట, ముఖం వంకరపోవుట, చూపు భ్రమించుట, మోహం, చేష్టలుడుగుట, మాట పడిపోవుట లేక తడబడుట వంటి లక్షణాలు కనబడతాయని చెప్పారు. నేటి ఆసుపత్రులలో తలదెబ్బ తగిలిన వారిని పరీక్షించే వైద్యులు వెదికే లక్షణాలలో చాలావరకు ఇవే.

పాఠకులు ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఆచార్యుడు మర్మాన్ని దెబ్బ నుండి కాపాడుకోమన్నారు. దెబ్బ తగిలినా ఏమీ కాకుండా చేసే ఔషధం తిని నిశ్చింతగా ఉండమనలేదు. ఈ పాఠానికి మూలం ఇదే.

తల్లిదండ్రుల ప్రశ్న

పిల్లలను క్రికెట్, ఫుట్‌బాల్, కబడ్డీ, బాక్సింగ్ శిక్షణకు పంపే తల్లిదండ్రులు ఇటీవల నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "డాక్టరుగారూ, ఆటల్లో తలకు దెబ్బలు తగులుతుంటాయి కదా, మెదడుకు బలమిచ్చే మందేదైనా ముందు నుంచే వాడిస్తే మంచిదా?" కొందరు సీసాలు కూడా వెంట తెస్తారు. చేపనూనె గొట్టాలు, పసుపు సారం మాత్రలు, బ్రాహ్మి మాత్రలు, క్రియాటిన్ పొడి, ఎన్నో విటమిన్లు కలిపిన డబ్బాలు. వాటి ఖరీదు చూస్తే నెలకు సరిపడా పాలు, పప్పు, కూరగాయలు కొనవచ్చు.

ప్రశ్నలో దోషం లేదు. బిడ్డ మెదడును కాపాడుకోవాలనే తపన అది. అయితే జవాబు తెలియాలంటే ముందుగా దెబ్బ తగిలినప్పుడు తల లోపల ఏమి జరుగుతుందో తెలియాలి.

తల లోపల జరిగేది

కురిడీ కొబ్బరికాయను చేతిలోకి తీసుకొని ఊపి చూడండి. పైచిప్ప గట్టిగా, ఎక్కడా పగులు లేకుండా ఉంటుంది. కానీ లోపలి కొబ్బరి చిప్పకు తగిలి చప్పుడు చేస్తుంది. మన మెదడు కూడా కపాలంలో ఒక ద్రవం మధ్య ఉంటుంది. తల అకస్మాత్తుగా కదిలినా, గిర్రున తిరిగినా, కదులుతూ వచ్చి ఒక్కసారిగా ఆగినా లోపలి మెదడు కుదుపుకు లోనవుతుంది. దాని సన్నని నరపు పోగులు సాగుతాయి. దీనినే వైద్యులు కంకషన్ అంటారు. మనం మెదడు కుదుపు అనవచ్చు. తలకే తగలనక్కరలేదు, ఛాతీకి, మెడకు తగిలిన గట్టి దెబ్బ తలను విదిలించినా ఇది రావచ్చు. స్పృహ తప్పనక్కరలేదు. ఈ కుదుపు తగిలిన వారిలో ఎక్కువమందికి స్పృహ తప్పదు కూడా.

హెల్మెట్ చిప్పను కాపాడుతుంది. కపాలం పగలకుండా, ముఖం చిట్లకుండా చూస్తుంది. అందుకని అది తప్పనిసరి. కానీ లోపలి కొబ్బరి కదలకుండా అది పూర్తిగా ఆపలేదు. ఈ తేడా తెలియకనే హెల్మెట్ ఉన్నది కదా అని చాలామంది దెబ్బను తేలికగా తీసుకొంటారు.

కుదుపు తగిలిన తరువాత మెదడు కణాలలో లవణాల సమతూకం చెదురుతుంది. దానిని సరిచేసుకొనడానికి కణాలకు అధికంగా శక్తి కావాలి. సరిగా అదే సమయంలో మెదడుకు రక్తప్రసారం తగ్గవచ్చు. శరీర బరువులో సుమారు 2 శాతం మాత్రమే ఉండే మెదడు, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతం ఖర్చు చేస్తుంది. అంతటి అవయవానికి ఖర్చు పెరిగి రాబడి తగ్గితే ఎలా ఉంటుందో గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు. తల దిమ్ముగా ఉండటం, వెలుతురు చూడలేకపోవటం, చదివినది ఎక్కకపోవటం, చిరాకు, నిద్ర చెడటం మొదలైనవి ఈ స్థితిలో కనిపించే లక్షణాలు. మామూలు స్కానులో ఇది సాధారణంగా కనిపించదు. స్కాను బాగున్నదంటే పెద్ద రక్తస్రావం లేదని అర్థం, కుదుపు లేదని కాదు.

ఈ స్థితి సర్దుకోక ముందే మరొక దెబ్బ తగిలితే మెదడు తట్టుకొనే శక్తి తక్కువ. అరుదుగానైనా, ముఖ్యంగా కుర్రవారిలో, రెండవ దెబ్బతో మెదడు వేగంగా వాచి ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు వైద్యగ్రంథాలలో ఉన్నాయి.

సీసాలలో ఉన్నదేమిటి?

ఇప్పుడు ఒక్కొక్క పదార్థాన్ని పరిశీలిద్దాం.

పసుపు: ఇది మన వంటింటి ఔషధం కనుక ముందుగా దీని సంగతి. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2013 చివరలో ప్రజలకు ఒక హెచ్చరిక జారీ చేసింది. మెదడు కుదుపును నివారిస్తాయని గాని, నయం చేస్తాయని గాని, త్వరగా ఆటకు పంపుతాయని గాని చెప్పుకొనే పోషక పదార్థాలను నమ్మవద్దన్నది దాని సారాంశం. అలాంటి వాటిలో ఎక్కువగా ఉంటున్నవని ఆ సంస్థ పేర్కొన్నది రెండు: పసుపు, చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులు. ఆ సంస్థ భయం పసుపును గురించి కాదు. మందు తిన్నాను కదా అనే ధైర్యంతో ఆటగాడు పూర్తిగా కోలుకోక ముందే మైదానంలోకి దిగుతాడన్నదే దాని భయం.

ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో పసుపులోని కుర్కుమిన్ మేలు చేసినట్లు కనిపించిన మాట నిజమే. 2006లో వెలువడిన అటువంటి పరిశోధనలో దెబ్బకు కొన్ని వారాల ముందు నుండే ఎలుకలకు దానిని ఆహారంలో కలిపి పెట్టారు. కానీ ఆటగాళ్లలో మెదడు కుదుపును అది ఆపుతుందని ఇంతవరకు నిరూపించబడలేదు. పసుపులో కుర్కుమిన్ సుమారు 3 శాతం మాత్రమే ఉంటుంది. అందులోనూ రక్తంలోకి ఎక్కేది స్వల్పం. దానిని ఎక్కించడానికి మిరియాల సారం కలిపిన గాఢమైన మాత్రలు వచ్చాయి. వాటివల్ల కొందరికి కాలేయం దెబ్బతినే అవకాశం ఉన్నదని 2023లో ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. పప్పులో, కూరలో వేసుకొనే పసుపుకు ఈ భయం లేదు. వంటింటి పసుపు వేరు, గాఢసారం వేరు.

చేపనూనె: మెదడు నిర్మాణంలో డి.హెచ్.ఎ. అనే ఒమేగా-3 కొవ్వు ముఖ్యమైనది. అమెరికాలో 81 మంది కళాశాల ఫుట్‌బాల్ ఆటగాళ్లను వర్గాలుగా విభజించి, కొందరికి రోజుకు 2, 4 లేక 6 గ్రాముల డి.హెచ్.ఎ., మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. నరాలకు కలిగే నష్టాన్ని సూచించే ఒక పదార్థం ఆట కాలంలో రక్తంలో పెరుగుతుంది. డి.హెచ్.ఎ. తీసుకొన్నవారిలో ఆ పెరుగుదల తక్కువగా కనిపించిందని 2016లో ప్రకటించారు. ఇది ఆశ కలిగించే విషయమే. కానీ రక్తంలో ఒక గుర్తు తగ్గడం వేరు, కుదుపు తగలకుండా ఉండడం వేరు. ఇంకొక లెక్క కూడా చూడండి. సాధారణమైన ఒక గ్రాము చేపనూనె గొట్టంలో డి.హెచ్.ఎ. సుమారు 120 మిల్లీగ్రాములే. ఆ పరిశోధనలోని కనిష్ఠ మోతాదుకే రోజుకు పదహారు గొట్టాలకు పైగా మింగాలి. అంత మోతాదును పిల్లలకు సొంతంగా వాడించడం తగదు.

క్రియాటిన్: గ్రీసు దేశంలో తలకు తీవ్రమైన గాయాలైన 39 మంది పిల్లలపై, కౌమార వయస్కులపై జరిగిన చిన్న పరిశోధన 2006లో వెలువడింది. క్రియాటిన్ ఇచ్చినవారికి తలనొప్పి, తలతిరుగుడు, అలసట తక్కువగా ఉన్నాయన్నారు. అది ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో జరిగినది. ఆడుకొనే పిల్లవాడికి ముందుజాగ్రత్తగా ఇవ్వడానికి అది ఆధారం కాదు.

సిటికోలిన్: మెదడు దెబ్బలకు ఎంతో పేరున్న పదార్థం. అమెరికాలో 1213 మంది రోగులకు 90 రోజులపాటు ఇచ్చి పరీక్షించగా, ఉత్తుత్తి మందు తీసుకొన్నవారికంటె వీరు మెరుగ్గా కోలుకోలేదని 2012లో తేలింది. చిన్న పరిశోధనలలో కలిగిన ఆశ పెద్ద పరిశోధనలో నిలవకపోవడం వైద్యంలో తరచుగా జరిగేదే. పసుపు, చేపనూనెల విషయంలోనూ మనం తొందరపడకూడదనడానికి ఈ ఉదాహరణ చాలు.

మేధ్య ఔషధాలు: మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని చరకసంహిత మేధ్య రసాయనాలుగా చెప్పింది. బ్రాహ్మి కూడా మేధ్యమే. జ్ఞాపకశక్తికి బ్రాహ్మి కొంత ఉపకరిస్తుందని కొన్ని పరిశోధనలు తెలుపుతున్నాయి. నేను కూడా చదువుకొనే పిల్లలకు, వృద్ధులకు అవసరాన్ని బట్టి వీటిని ఇస్తుంటాను. కానీ రసాయనం ధాతువులను నిదానంగా పోషించేది. అది కవచం కాదు. బ్రాహ్మి తిన్నవాని మెదడు కపాలంలో కదలకుండా ఉండదు. ఈ మాట ఆయుర్వేద వైద్యుడినైన నేనే చెప్పవలసి ఉన్నది. శాస్త్రం చెప్పని గుణాన్ని ఔషధానికి అంటగట్టడం శాస్త్రాన్ని గౌరవించడం కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో, కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని సూచించింది. కండ సంగతే అలా ఉన్నప్పుడు మెదడు పేరుతో అమ్మే పొడుల విషయంలో ఇంకెంత జాగ్రత్త ఉండాలో మీరే ఊహించండి.

రెండు రోజుల లేహ్యం

రెండేళ్ల క్రితం ఒక తండ్రి పదిహేనేళ్ల కుమారుణ్ణి నా వద్దకు తీసుకొని వచ్చారు. ముందురోజు సాయంత్రం బ్యాటింగ్ సాధనలో బంతి హెల్మెట్‌కు తగిలింది. అబ్బాయి పడలేదు, స్పృహ తప్పలేదు. ఆట కొనసాగించాడు. ఆ తండ్రి నాతో, "ఎల్లుండే జిల్లా జట్టు ఎంపిక పోటీ అండీ. వయసు లెక్క ప్రకారం వీడికి ఇదే ఆఖరు అవకాశం. రెండు రోజుల్లో మెదడు కుదురుకొనే లేహ్యమేదైనా ఇవ్వండి" అన్నారు.

అబ్బాయి కిటికీ వైపు చూడలేక తల దించుకొని కూర్చున్నాడు. నేను అతనితో విడిగా మాట్లాడాను. ముందురోజు రాత్రి రెండుసార్లు వాంతి వచ్చినట్లు, అక్షరాలు అలుక్కుపోయినట్లు కనబడుతున్నట్లు చెప్పాడు. "నాన్నకు చెప్పకండి సార్" అని బతిమాలాడు. వాంతుల మాట విన్నాక ఇక ఆలోచించవలసినది లేదు. తండ్రికి చెప్పి, ఏ మందూ ఇవ్వకుండా, ఆ గంటలోనే నరాల వైద్య నిపుణులు ఉన్న ఆసుపత్రికి పంపాను. స్కానులో రక్తస్రావం లేదు. మెదడు కుదుపేనని నిర్ధారించి విశ్రాంతి చెప్పారు. తలనొప్పి పూర్తిగా పోవడానికి మూడు వారాలు పట్టింది. ఎంపిక పోటీ పోయింది. ఆ తండ్రికి కలిగిన బాధ చిన్నది కాదు. నాలుగేళ్లుగా తెల్లవారుజామున లేచి కుమారుణ్ణి మైదానానికి తీసుకొని వెళ్లిన మనిషి ఆయన.

నేను ఒక లేహ్యమిచ్చి ఉంటే ఏమయ్యేది? లేహ్యం వల్ల నష్టం ఉండకపోవచ్చు. కానీ మందు పడింది కదా అన్న ధైర్యంతో ఆ పిల్లవాడు ఎల్లుండి బ్యాటు పట్టుకొని నిలబడేవాడు. అసలు ప్రమాదం ఆ ధైర్యంలో ఉన్నది.

మైదానం నేర్పిన పాఠాలు

1998 ఫిబ్రవరి 20న ఢాకాలో క్లబ్బు మ్యాచ్ ఆడుతున్న భారత క్రికెటర్ రమణ్ లాంబా, బ్యాట్స్‌మన్‌కు అతి సమీపంలో హెల్మెట్ లేకుండా ఫీల్డింగ్‌కు నిలబడ్డారు. ఓవరులో ఇక కొన్ని బంతులే మిగిలాయని హెల్మెట్ వద్దన్నారు. బంతి తలకు తగిలింది. ఆయన తానే నడిచి వెళ్లారు. కొద్దిసేపటికే పరిస్థితి విషమించి, స్పృహ కోల్పోయి, ఫిబ్రవరి 23న 38 ఏళ్ల వయసులో కన్నుమూశారు. దెబ్బ తగిలినవాడు నడిచినంత మాత్రాన, మాట్లాడినంత మాత్రాన గండం గడిచినట్లు కాదు.

2014 నవంబరులో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్‌కు సిడ్నీలో బంతి హెల్మెట్ కింద, మెడ పక్కన తగిలింది. అక్కడి రక్తనాళం చిట్లి మెదడు చుట్టూ రక్తస్రావమై రెండు రోజులకు మరణించారు. ఆ తరువాత మెడకు అదనపు రక్షణ వాడుకలోకి వచ్చింది. 2023 అక్టోబరు నుండి ఆస్ట్రేలియా క్రికెట్ బోర్డు దానిని తప్పనిసరి చేసింది.

2019 ఆగస్టులో లార్డ్స్ మైదానంలో స్టీవ్ స్మిత్ మెడకు బంతి తగిలింది. పరీక్షలో బాగానే ఉన్నట్లు తేలి, తిరిగి వచ్చి బ్యాటింగ్ చేశారు. మరునాటి ఉదయం తలనొప్పి, దిమ్ము మొదలయ్యాయి. వెంటనే ఆయనను ఆట నుండి తప్పించి మార్నస్ లబుషేన్‌ను పంపారు. కుదుపు తగిలిన ఆటగాని స్థానంలో మరొకరు పూర్తిగా ఆడవచ్చునన్న నియమం అమలులోకి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. తరువాతి టెస్టుకు కూడా స్మిత్ దూరంగా ఉన్నారు. ప్రపంచంలో అత్యుత్తమ వైద్యసదుపాయం అందుబాటులో ఉన్న ఆటగానికి ఇచ్చిన చికిత్స ఇదే: ఆట మాన్పించడం, విశ్రాంతి, పరిశీలన.

పదేపదే తగిలే దెబ్బల ఫలితం ఇంకొక విధమైనది. బాక్సర్లలో నడక తూలటం, మతి తప్పటం వంటి మార్పులను 1928లోనే అమెరికా వైద్యుడు మార్ట్‌ల్యాండ్ వర్ణించాడు. 2002లో మరణించిన అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడును డాక్టర్ బెనెట్ ఒమాలు పరీక్షించి, ఇటువంటి దీర్ఘకాలపు చెరుపును కనుగొని 2005లో ప్రకటించాడు. స్కాట్లాండులో మాజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లపై 2019లో వెలువడిన పరిశోధనలో, మతిమరుపు వంటి మెదడు క్షయ వ్యాధులతో మరణించినవారు సామాన్యులతో పోలిస్తే సుమారు మూడున్నర రెట్లు ఉన్నట్లు తేలింది. సీమంత మర్మాలను గురించి సుశ్రుతుడు వాడిన కాలాంతరం, చిత్తనాశం అనే మాటలు ఇక్కడ గుర్తుకు రాక మానవు. దీనికి అక్కడివారు కనుగొన్న ఉపాయం మందు కాదు. అమెరికాలో 2015లో పదేళ్ల లోపు పిల్లలు తలతో బంతిని కొట్టకూడదని నియమం పెట్టారు. ఇంగ్లండులో 2020లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణ నుండి దానిని తొలగించారు. దెబ్బల సంఖ్య తగ్గించడమే వారు ఎంచుకొన్న రక్షణ.

దెబ్బ తగిలిన వెంటనే

ఆటలో తలకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మినా, తల దిమ్మెక్కినా, అడుగు తూలినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా ఆ రోజుకు ఆట ముగిసినట్లే. అయిదు నిమిషాలలో బాగైనా సరే మళ్లీ దిగకూడదు. మొదటి కొన్ని గంటలు ఒంటరిగా వదలకూడదు. సైకిలు, బండి నడపనివ్వకూడదు.

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి లేదా పెద్ద ఆసుపత్రికి తీసుకొని పోవాలి:

1. స్పృహ తప్పటం, మూర్ఛ రావటం.
2. మళ్లీ మళ్లీ వాంతులు.
3. అంతకంతకూ పెరిగే తలనొప్పి.
4. పెరుగుతున్న మగత, లేపినా సరిగా లేవకపోవటం.
5. మాట తడబడటం, కాలు చేయి బలహీనపడటం లేదా తిమ్మిరెక్కటం.
6. ఒకటి రెండుగా కనబడటం, కంటిపాపలలో ఒకటి పెద్దదిగా కనిపించటం.
7. ముక్కు నుండి, చెవి నుండి రక్తం గాని నీరు వంటి ద్రవం గాని కారటం.
8. తీవ్రమైన మెడనొప్పి. ఇటువంటి వారిని లేపి కూర్చోబెట్టకూడదు; మెడ కదలకుండా పడుకోబెట్టి సహాయం కోసం ఆగాలి.

మన ఇళ్లలో కొన్ని అలవాట్లు ఉన్నాయి. బొప్పి కట్టగానే అరచేతితో గట్టిగా రుద్దుతారు. అలా చేయవద్దు. మంచుముక్కలను గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు అద్దితే చాలు. గాయంలో కాఫీపొడి, పసుపు కూరవద్దు. శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. మగతగా ఉన్నవారి నోట్లో నీళ్లు, కాఫీ పోయవద్దు, ఊపిరితిత్తులలోకి పోవచ్చు. మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టడం మాని, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దెబ్బ తగిలినవారిని నిద్రపోనివ్వకూడదనే భయం చాలామందికి ఉన్నది. వైద్యుడు చూసి ప్రమాదం లేదన్న తరువాత నిద్ర మంచిదే, అవసరం కూడా.

ఔషధాల విషయంలో నా సూచనలు ఇవి. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచే అవకాశం ఉన్నది కనుక వైద్యుని అనుమతి లేనిదే వాడవద్దు. చేపనూనె, పసుపు సారం, వెల్లుల్లి సారం మాత్రలు వాడుతున్నట్లయితే ఆ సంగతి ఆసుపత్రిలో తప్పక చెప్పండి. ఇంట్లో సారస్వతారిష్టం ఉన్నదని పోయవద్దు. ఆసవాలలో, అరిష్టాలలో పులిసిన మద్యాంశం ఉంటుంది. అశ్వగంధ, జటామాంసి వంటివి కొందరికి మగత కలిగిస్తాయి. అది మందు మగతో, దెబ్బ మగతో తెలియకుండా పోతుంది. నస్యం, శిరోధార, తలకు నూనె మర్దన కొత్త దెబ్బకు పనికిరావు.

విశ్రాంతి, తిరిగి ఆటకు వెళ్లే క్రమం

2022లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు ఈ విషయంలో అనుసరించవలసిన క్రమాన్ని నిర్ణయించారు. మొదటి 24 నుండి 48 గంటలు తేలికపాటి విశ్రాంతి. ఆ సమయంలో ఫోను, టీవీ బాగా తగ్గించాలి. చీకటిగదిలో వారాల తరబడి పడుకోబెట్టనక్కరలేదు. ఇంట్లో తిరగడం, కొద్దిగా నడవడం మేలు చేస్తాయి. తరువాత ఒక్కొక్క మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున ముందుకు పోవాలి. మొదట ఇంటిపనులు, నడక. ఆ తరువాత కొంచెం వేగంగా నడక లేక స్థిరంగా నిలిపిన సైకిలు తొక్కడం. పిదప ఒంటరిగా ఆటకు సంబంధించిన కసరత్తు. లక్షణాలన్నీ పూర్తిగా పోయిన తరువాతనే, వైద్యుని అనుమతితో, జట్టుతో సాధన. చివరకు పోటీ. మధ్యలో లక్షణాలు బాగా పెరిగితే ఆ రోజుకు ఆపి, మరునాడు మళ్లీ ప్రయత్నించాలి. పాఠశాలకు పూర్తిగా వెళ్లగలిగిన తరువాతనే మైదానం. చాలామంది నెల రోజుల లోపల కోలుకొంటారు. అంతకు మించితే నిపుణుని చూపించాలి.

ఆహారం చేయగలిగిన మేలు

మరి ఆహారానికి స్థానం లేదా? తప్పక ఉన్నది. కోలుకొంటున్న మెదడుకు ఇంధనం, నీరు, నిద్ర సక్రమంగా అందాలి. మొదటి రెండు రోజులు వికారం ఉంటుంది కనుక పెసరపప్పు జావ, పలుచని మజ్జిగ, ఇడ్లీ, మెత్తని అన్నం కొద్దికొద్దిగా ఇవ్వండి. లంఖణాలు వద్దు. వికారం తగ్గిన తరువాత పాలు, పెరుగు, పప్పులు, ఆకుకూరలు, గుడ్డు మామూలుగా పెట్టవచ్చు. మాంసాహారులు వారానికి రెండుసార్లు కవళ్ళు, కానాగంతలు వంటి సముద్రపు చేపలు పులుసుగా వండుకొంటే చాలు, డి.హెచ్.ఎ. సహజంగా అందుతుంది.

శాకాహారులకు అవిసె గింజల కారప్పొడి మంచిది. 100 గ్రాముల అవిసె గింజలను చిటపటలాడే వరకు సన్నని సెగపై వేయించండి. ఎనిమిది ఎండుమిరపకాయలు, ఒక చెంచా జీలకర్ర విడిగా వేయించి, ఆరిన తరువాత కొద్దిగా చింతపండు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, తగినంత ఉప్పు చేర్చి పొడి చేయండి. రోజుకు ఒకటి రెండు చెంచాలు అన్నంలో కలుపుకోవచ్చు. అవిసెలోని ఒమేగా-3 శరీరంలో డి.హెచ్.ఎ.గా మారేది కొద్దిపాలే. అయినా ఇది చవకైన, నిత్యం వాడదగిన మంచి ఆహారం.

సరస్వతి ఆకును, అనగా మండూకపర్ణిని, గుప్పెడు తీసుకొని కడిగి, కొద్ది నేతిలో వేయించి, కొబ్బరి, పచ్చిమిర్చి, చింతపండుతో పచ్చడి చేసి వారానికి ఒకటి రెండుసార్లు తినవచ్చు. దీనిని ఆహారంగా తినండి, రక్షణగా భావించవద్దు.

ఆటకు పిల్లలను పంపే తల్లిదండ్రులకు నా చివరి మనవి ఒకటే. తల తిరుగుతున్నదని చెప్పితే జట్టులో చోటు పోతుందని, నాన్న కోప్పడతాడని పిల్లలు దాస్తారు. "తలకు ఏమైనా తగిలితే ముందు నాకు చెప్పు, నేను కోప్పడను" అని ఈ రోజే పిల్లవాడిని కూర్చోబెట్టి చెప్పండి. శిక్షకునికి కూడా చెప్పి ఉంచండి. పైన ఇచ్చిన ఎనిమిది లక్షణాల పట్టికను కత్తిరించి ఆట సంచిలో పెట్టండి. సీసాలకు పెట్టే డబ్బుతో తలకు సరిగా అమరే మంచి హెల్మెట్ కొనండి. పగిలినా, గట్టి దెబ్బ తగిలినా దానిని మార్చండి.